మార్కాపురం పలకా... మోజెల్ ద్రాక్షా...

2006లో ఆన్‌సైట్ అని ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చిన కొత్తల్లో సంగతి. మా టీములో ఒక జర్మన్ పెద్దాయన ఉండేవాడు. రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి. మెయిన్‌ఫ్రేమ్ కోడు మీదా, తిండి మీదా తప్ప ఇంక దేనిమీదా ఆయనకి పెద్ద ఆసక్తి ఉన్నట్టు కనిపించేది కాదు. ఒకరోజు క్యాంటీన్లో ఉన్నట్టుండి అడిగాడు, "మీ ఊళ్ళో ఏం తింటారు?" అని.

"హైదరాబాద్ బిర్యానీ" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

"హైదరాబాదా మీ ఊరు?"

"కాదు. మాది మార్కాపురం పక్కన పల్లెటూరు."

"హైదరాబాద్ ఎంత దూరం?"

"ఒక మూడొందల కిలోమీటర్లుంటుంది."

ఆయన కాసేపు ఆలోచించి, "ఇక్కణ్ణుంచి మూడొందల కిలోమీటర్లు పోతే నేను ఫ్రాన్సులో ఉంటాను. వాళ్ళ వంట మా ఊరి వంటని చెప్పుకోను" అన్నాడు. వెక్కిరించలేదు పాపం, మామూలుగానే అన్నాడు. కానీ నాకు ఆ పూట అన్నం సరిగ్గా దిగలేదు.

ఎందుకంటే మా ఊళ్ళో ఏం తింటామో నాకు తెలియక కాదు కదా, నేను బిర్యానీ అన్నది. జొన్న సంగటి, రాగి సంగటి, కొర్రన్నం. అందులోకి చెనిక్కాయల పచ్చడో, చింతకాయ తొక్కో, పండక్కి నాటుకోడి పులుసో. పొద్దున పూట ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. ఇదీ మా తిండి. మా మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒంగోలు జిల్లా కట్టినప్పుడు మమ్మల్ని తెచ్చి అందులో కలిపారు, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. కాగితాల మీద కోస్తా వాళ్ళమైపోయాం గానీ కంచం మాత్రం రాయలసీమలోనే ఉండిపోయింది.

ఇంటర్మీడియెట్‌కి కోస్తా వైపు హాస్టల్లో చేరినప్పుడు మొదటిసారి తెలిసింది, సంగటి తినడం నలుగురిలో చెప్పుకునే విషయం కాదని. సెలవులకి వెళ్ళి వచ్చేటప్పుడు మా జేజి మూటగట్టిచ్చిన సజ్జరొట్టెలు చూసి పక్క మంచం వాడు "ఇవి మా ఇంట్లో గేదెలక్కూడా పెట్టం రా" అన్నాడు. ఆ తర్వాత నేను రొట్టెలు తేలేదు. ఊరి పేరు కూడా "ఒంగోలు దగ్గర" అని చెప్పడం మొదలెట్టాను. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు, అయినా సరే దగ్గరే! ఒకసారి హార్డ్‌కోడ్ చేశాక ఆ విలువ పదేళ్ళపాటు అలాగే ఉండిపోయింది.

సరే, అసలు విషయానికి వస్తాను.

ఆ పెద్దాయన నన్ను అంతటితో వదల్లేదు. ఒక శుక్రవారం సాయంత్రం సాక్సెన్‌హౌజెన్ అనే పాత పేటకి లాక్కెళ్ళాడు. అక్కడ బూడిదరంగు కూజా మీద నీలం ముగ్గులేసి ఉంటుంది, దాన్ని బెంబెల్ అంటారు. అందులోంచి గీతల గ్లాసులోకి ఆపిల్ పళ్ళ సారం పోస్తారు, పులియబెట్టింది. మొదటి గుక్క తాగితే పులిసిపోయిన మజ్జిగ తేటలా ఉంది. మొహం ఎలా పెట్టానో గానీ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడో గ్లాసుకి గానీ నచ్చదు" అన్నాడు. దాంతో పాటు పచ్చటి ఆకుపచ్చ సాస్, ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలు వచ్చాయి. ఆ సాస్‌లో ఏడు రకాల ఆకులు పడాలి, ఆరేస్తే ఒప్పుకోరు. అందులో ఒక ఆకు నోట్లో పడగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. పుల్లగా, అచ్చం చుక్కకూర. ఇంటికొచ్చి వెతికితే నిజంగానే చుక్కకూరకి వరసకి అక్కచెల్లెలే, రెండూ ఒకే జాతి మొక్కలు. ఆ సాస్‌కి 2016లో యూరప్ వాళ్ళ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్, దాని చుట్టుపక్కల పండిన ఆకులతో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి.

ఏడు ఆకుల పచ్చడికి ఇంత హంగామా ఏంటి, మా అమ్మ పుల్లకూర ఇంతకన్నా బాగా చేస్తుంది కదా అనిపించింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా అనిపించింది. మా అమ్మ పుల్లకూర గురించి నేను ఎవరికైనా చెప్పానా?

అట్లా మొదలైంది. వారాంతాల్లో రైలెక్కి ఊరూరూ తిరగడం, ఆ ఊళ్ళో ఏది ప్రత్యేకమో అడిగి అదే తినడం. కోల్న్‌కి వెళ్తే ఆ ఊరి బీరు, థురింగియాలో ఆ ఊరి... సరే, సాసేజీల సంగతి మా అమ్మకి తెలియదు, ఇక్కడ ఎక్కువ రాయను.

వైన్ దగ్గరకి మాత్రం చాలాకాలం పోలేదు. దానికి కారణం ఉంది.

మా చిన్నాన్న సారాయికి పోయాడు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరుపెట్టి సారాయిని ప్యాకెట్లలో అమ్మించింది. పాల ప్యాకెట్టు దొరకని పల్లెలో కూడా సారా ప్యాకెట్టు దొరికేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు తిరగబడ్డాక ఆ గాలి మా వైపుకీ వచ్చింది. మా అమ్మ గడప దాటి మీటింగుకి వెళ్ళింది జీవితంలో అదొక్కసారే. చీపురు పట్టుకుని వెళ్ళిందని మా నాయన ఇప్పటికీ చెప్తాడు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, 1997లో సడలించారు. మా చిన్నాన్నకి అవేవీ పనికి రాలేదు, ఆయన 1991లోనే పోయాడు. ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళ పిన్ని.

అందుకని మా ఇంట్లో బీరు, విస్కీ, వైన్ అని వేరువేరు మాటలు లేవు. అన్నీ కలిపి ఒకటే మాట, "తాగుడు". నాక్కూడా లోపల అదే మాట ఉండేది.

2009 సెప్టెంబరులో పెద్దాయనే కార్లో మోజెల్ నది వైపు తీసుకెళ్ళాడు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రెండు గంటలు. నది పాములా మెలికలు తిరుగుతూ పోతుంటుంది, రెండు వైపులా నిట్టనిలువు కొండలు, కొండల నిండా ద్రాక్ష తోటలు. నిట్టనిలువు అంటే అలంకారానికి అనట్లేదు. బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మోంట్ అనే తోట వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడ ట్రాక్టరు ఎక్కదు. కొన్నిచోట్ల పళ్ళు దించడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండి వేసుకున్నారు. మిగతాదంతా కాళ్ళూ చేతులే. పందిరి కూడా ఉండదు, ఒక్కో తీగకి ఒక్కో గుంజ.

బెర్న్‌కాస్టెల్ దాటాక ఒక తోట దగ్గర కారాపి పైకి నడిచాం. నాలుగడుగులు వేశానో లేదో కాళ్ళ కింద చప్పుడు వినిపించింది. గలగలమని, పలకలు పలకల మీద జారే చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. వంగి చూస్తే నేల మీద మట్టి లేదు. నల్లగా, నీలంగా, పొరలు పొరలుగా రాళ్ళు. ఒకటి తీసి అంచు పట్టుకుని విరిస్తే పొర ఊడి వచ్చింది.

పలక రాయి.

మీలో చాలామంది రాసుకున్న పలక మా మార్కాపురంలో తయారైందే అయ్యుంటుంది. ఊరి చుట్టూ పలక గనులు, ఊళ్ళో పలకల ఫ్యాక్టరీలు. మా నాయన చిన్నప్పట్నించీ అందులోనే పనిచేశాడు. గనిలోంచి వచ్చిన బండని ఉలి పెట్టి పొరలుగా చీల్చడం, కొలతకి కోయడం, నున్నగా చేయడం, చుట్టూ చెక్క బిగించడం. మా ఇంట్లో దుమ్ముకి కూడా ఆ రంగే. ఊరి చివర విరిగిన ముక్కల గుట్టలుండేవి. వాటి మీద జారుతూ ఆడుకునేవాళ్ళం, ఆ చప్పుడే అది.

ఆ పెద్దాయనకి ఇదంతా చెప్పాను. ఎవరికైనా మా ఊరి గురించి అంతసేపు చెప్పడం అదే మొదలు.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. మోజెల్ పలక రాయి దాదాపు నలభై కోట్ల ఏళ్ళ నాటిది, సముద్రం అడుగున పేరుకున్న బురద గట్టిపడి రాయయింది. మా వైపు రాయి దానికన్నా చాలా చాలా ముసలిది, వంద కోట్ల ఏళ్ళకి పైమాటే. భూగర్భశాస్త్రం వాళ్ళు మా రాళ్ళకి కంభం పేరే పెట్టుకున్నారు, నల్లమల వరసలో ఒక భాగానికి కంభం ఫార్మేషన్ అని పేరు. మా కంభం పేరు భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఉందని మా ఊళ్ళో ఎంతమందికి తెలుసో!

ఇక ద్రాక్షకి ఆ రాయితో పనేమిటంటారా? మోజెల్ బాగా చలి ప్రదేశం. ద్రాక్ష పండటానికి చాలీచాలని ఎండ. ఆ నల్ల రాయి పగలంతా ఎండని తాగి, రాత్రి తీగలకి వేడి వదుల్తుంది. వాన పడితే నీళ్ళు నిలవకుండా కిందికి పోతాయి. తీగ వేళ్ళు పొరల సందుల్లోంచి లోతుకి దిగుతాయి. అందుకే వానకి రాళ్ళు కిందికి జారితే పూర్వం బుట్టల్లో మోసి మళ్ళీ పైన పోసేవాళ్ళట. రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష ఆ కొండల మీద నిదానంగా పండుతుంది, అందుకే పులుపు పోదు. చల్లటి నేలమాళిగల్లో పులిసేటప్పుడు తీపి మొత్తం ఖర్చు కాకుండానే ఆగిపోతుంది. అందుకని కాబినెట్ రకం సీసాల్లో ఆల్కహాలు ఎనిమిది, తొమ్మిది శాతమే ఉంటుంది, తీపీ పులుపూ రెండూ ఉంటాయి. వైన్‌లో "రాతి రుచి" ఉంటుందని అమ్మేవాళ్ళు చెప్తారు గానీ, రాయి కరిగి ద్రాక్షలోకి వచ్చి రుచి అవ్వదని శాస్త్రవేత్తలు గట్టిగానే చెప్తున్నారు. రాయి చేసేది వేడి, నీరు, వాలు చూసుకోవడం. మిగతాది మనిషి పని.

అక్కడి మాండలికంలో పలక రాతి బండని లై అంటారు. లోరెలై పేరులో ఉన్నది ఆ లై. చాలా తోటల పేర్లలోనూ అది ఉంటుంది. సీసా మీద ముందు ఊరి పేరు, పక్కన తోట పేరు. తోట పేరులోనే రాయి.

ఒక సీసా కొన్నాను. ఇంటికి తెచ్చి వారం రోజులు తెరవలేదు, చిన్నాన్న గుర్తొచ్చి. తెరిచిన రోజు రాగి సంగటి చేసుకున్నాను. నూకలు ఉడికించి, పిండి పోసి, తెడ్డుతో తిప్పి, మా అమ్మకి ఫోన్ చేసి అడుగుతూ చేశాను. కోడి పులుసులో కారం మా కొలతే వేశాను. మామూలుగా ఎర్ర వైన్ తాగితే మన కారానికి నోరు ఇంకా మండుతుంది, చేదెక్కుతుంది. ఈ తీపి రీస్లింగ్ మాత్రం కారాన్ని పట్టుకుని నెమ్మదిగా దించింది, భోజనంలో బెల్లం ముక్క కొరుక్కున్నట్టు. ఒక గ్లాసుతో ఆపేశాను. ఆపగలిగాను అన్న విషయం నాకు ఆ రుచికన్నా ఎక్కువ గుర్తుంది. ఆ సీసాని అలమరలో పప్పు డబ్బాల వెనక పెట్టాను. నాలుగువేల మైళ్ళ అవతల ఉన్న అమ్మ చూడకుండా!

2012 సెప్టెంబరులో అమ్మా నాయనా వచ్చారు. అందరూ తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళినట్టే స్విట్జర్లాండు, పారిస్ తిప్పాను. మా నాయన ఐఫిల్ టవర్ చూసి "బో ఇనుము పట్టింది" అన్నాడు, అంతే. చివరి వారం మోజెల్‌కి తీసుకెళ్ళాను. తోటలో అడుగు పెట్టగానే ఆగిపోయాడు. వంగి ఒక రాయి తీసి, అరచేతిలో పెట్టుకుని, ఇంకో రాయితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మంచి పలక రాయి అయితే కంచులా మోగుతుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. అట్లా నాలుగైదు తట్టి, "రేయ్, ఇది మన రాయే. కాకపోతే కొంచెం మెత్తన" అన్నాడు. ఇరవై రోజుల్లో ఆయన మొహం వెలిగింది అప్పుడే.

నేను ఎప్పుడూ వెళ్ళే చిన్న తోట వాళ్ళ ఇల్లు ఒకటుంది. అక్కడ ఒక పద్ధతుంది. తోట ఉన్నవాళ్ళు ఏడాదిలో నాలుగు నెలలకి మించకుండా తమ ఇంట్లోనే బల్లలేసి, తమ వైన్, తమ వంట అమ్ముకోవచ్చు, గుమ్మానికి ఒక చీపురో, పూల గుత్తో వేలాడదీస్తారు. ఆ చీపురు చూసి మా అమ్మ "ఇదేంది, వీళ్ళూ చీపురు పట్టినారా?" అంది. అక్కడ అర్థం పూర్తిగా వేరమ్మా అని చెప్పేటప్పటికి నాకు చెమట పట్టింది.

ఇంటి పెద్దావిడ, డెబ్భై దాటిన మనిషి, నాయనకి కొత్త వైన్, అమ్మకి ద్రాక్షరసం, మాంసం వేయకుండా ఉల్లిపాయల రొట్టె తెచ్చి పెట్టింది. నాయన తాగలేదు, నా ముందు కూడా గ్లాసు పెడితే నేను అమ్మ వైపు చూసి పక్కకి జరిపాను. అమ్మకి అంతా అర్థమైంది. కాసేపాగి నాతో అంది, "నాయనా, ఆ యమ్మను ఒక మాట అడుగు. ఊరంతా ఇదే చేస్తా ఉండారు గదా, ఈడ మొగోళ్ళు తాగొచ్చి పెండ్లాలను కొట్టరా?"

నేను అడగనన్నాను. "అడుగు" అంది.

అడిగాను. నా జర్మన్‌లో ఆ వాక్యం ఎంత అసహ్యంగా వచ్చిందో నాకు తెలుసు. పెద్దావిడ చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టి కూర్చుంది. "ఎందుకు కొట్టరు? మా నాన్న కొట్టేవాడు. మంచి వైన్ చేసేవాడు, ఊళ్ళో పెద్ద పేరు. రాత్రి మాత్రం మేం అమ్మ వెనక దాక్కునేవాళ్ళం" అంది.

నేను తెలుగులో చెప్పాను. మా అమ్మ ఏమీ అనకుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అట్లా కాసేపు కూర్చున్నారు. నేనూ మా నాయనా బల్ల మీద ఉల్లిపాయ రొట్టె వైపు చూస్తూ ఉండిపోయాం.

ఆ తర్వాత ఆవిడ మా నాయన ఏం చేసేవాడని అడిగింది. పలకలు అనగానే లేచి లోపలికెళ్ళి ఒక పలక తెచ్చింది. ఆవిడ బళ్ళో రాసుకున్నదట. చుట్టూ చెక్క, చెక్కకి చిన్న రంధ్రం, అందులోంచి దారం కట్టి తుడుచుకోవడానికి స్పాంజి వేలాడుతోంది. జర్మనీ పిల్లలు కూడా తరతరాలుగా పలక మీదే రాశారు. థురింగియాలో స్టైనాక్ అనే ఊరు బలపాలకి అంత పేరున్నది. నాయన ఆ పలకని తిప్పి తిప్పి చూశాడు. మూలల్లో చెక్క ఎట్లా అతికించారో వేలితో తడిమాడు. వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూశాడు. చివరికి, "పని మంచిదే. మనదైతే ఇంకా నున్నంగా ఉంటాది" అని తీర్పిచ్చాడు. ఆవిడకి చెప్తే పడీ పడీ నవ్వి, "నాకొకటి పంపిస్తారా" అంది.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో అమ్మ వెనక సీట్లోంచి అంది. "నువ్వు తాగుతావని నాకు తెలుసులే. డబ్బాల వెనక కందిపప్పు తీస్తా ఉంటే కనపడింది. దేనిమీద ఏ ఊరి పేరుంటే ఏముంది నాయనా, కడుపులోకి పోయినాక అన్నీ ఒకటే. లెక్క మర్చిపోవద్దు." నేను "సరేమ్మా" అన్నాను. ఇప్పటికీ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం మర్చిపోలేదు.

ఇంతవరకూ చదివి "చూశారా, వాళ్ళు అదే రాయి మీద ప్రపంచప్రసిద్ధ వైన్ చేసుకున్నారు, మనవాళ్ళు పలకలు చేసుకుని పేదవాళ్ళుగా మిగిలారు" అనే పాఠం తీయకండి. నేనూ కొన్నాళ్ళు అదే పాఠం తీసి నలుగురికీ చెప్పాను. అది పూర్తి నిజం కాదు. 1900 ప్రాంతంలో మోజెల్ రీస్లింగ్ యూరప్ పెద్ద హోటళ్ళలో బోర్డో వైన్లతో సమానంగా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువకి అమ్ముడుపోయేది. 1971లో వచ్చిన జర్మన్ వైన్ చట్టం, మంచి ఊళ్ళ పేర్లని చుట్టుపక్కల చదునునేలల వైన్‌కి కూడా పెట్టుకోనిచ్చింది. పీస్‌పోర్ట్ అనే ఊరికి పలక కొండ మీద గొప్ప తోటలున్నాయి. కానీ "పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్" అనే పేరుతో ఎక్కడెక్కడి చౌక ద్రాక్షతోనో చేసిన చక్కెర నీళ్ళు ప్రపంచమంతా అమ్మారు. ఊరి పేరుతోనే ఊరి పరువు తీశారు. దాన్నుంచి తేరుకోవడానికి ఒక తరం పట్టింది. నిట్రపు కొండల తోటలు ఇప్పటికీ ఒక్కొక్కటిగా బీడు పడుతున్నాయి. కోతలకి పోలండు, రొమేనియా నుంచి కూలీలు రావాలి. ఆ పెద్దావిడ కొడుకు ఏం చేస్తాడనుకున్నారు? లక్సెంబర్గ్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేరు. నాలాగే!

మన వైపు కథకి ఇంకో ముఖం కూడా ఉంది. జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు 1988లో మొదలైనప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులతో పాటు మొదట ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకలు ఒకటి. అంటే దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్ని, బడికి పోని పిల్లలు కూర్చుని చేశారు. మా నాయన కూడా అట్లాగే ఆ పనిలోకి వెళ్ళాడు. ఆయనకి సంతకం వచ్చు, అంతే. లక్షల పలకలు చేతుల మీదుగా పోయాయి, ఒక్కదాని మీదా ఏమీ రాసుకోలేదు. ఈ సంగతి నేను ముప్ఫై అయిదేళ్ళు వచ్చాక, వేరే దేశంలో ఆయన ఒక ముసలామె పలకని తడుముతుంటే గమనించాను. ఇంట్లో ఉండగా గమనించలేదు.

తర్వాత పలకల స్థానంలో ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాయి. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకీ, నేలకీ అంటించే బండలుగా పోతోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏ ఇంటి గోడకైనా పొరలు పొరలుగా రాయి కనిపిస్తే వెళ్ళి తట్టి చూడటం నాకిప్పుడు అలవాటైపోయింది. మా ఆవిడ పరాయివాడిలా పక్కకి జరిగి నిలబడుతుంది.

2019 డిసెంబరులో సెలవు పెట్టి ఊరికి పోయాను. ఎప్పటిలా పెళ్ళిళ్ళకి, బ్యాంకు పనులకి కాకుండా తిరగడానికే. జర్మనీలో ఊళ్ళు తిరగడం నేర్చుకున్న పద్ధతిలోనే మా ఊళ్ళు తిరిగాను. గుంటూరులో రైలెక్కి మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు స్టేషన్లు ఒక్కొక్కటే చూసుకుంటూ, దిగువమెట్ట దాటి నల్లమల సొరంగాల దాకా. ఇరవై ఏళ్ళు ఆ రైల్లో నిద్రపోయినవాణ్ణి నేను. మార్కాపురం చెన్నకేశవస్వామి గుళ్ళో స్తంభాల దగ్గర ఒక పూట కూర్చున్నాను. కంభం చెరువు కట్ట మీద నడిచాను. గుండ్లకమ్మ నదికి అడ్డంగా రెండు కొండల నడుమ విజయనగర కాలంలో కట్టిన కట్ట అది. మరుసటి ఏడాది, 2020లో, దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. నీళ్ళకి ఇంత అల్లాడే ప్రాంతంలో అంత చెరువు ఉండటం... మోజెల్ మీద ఆ రోమన్ల కాలం నుంచీ తోటలున్నాయని నోరు తెరుచుకుని విన్నవాణ్ణి, దీన్ని చిన్నప్పుడు పిక్నిక్ స్పాటుగా తప్ప చూడలేదు.

గిద్దలూరు దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అడిగి మరీ కొర్రన్నం వండించుకున్నాను. మా మేనత్త "దూరాన్నుంచి వచ్చినోడికి కొర్రన్నం పెడితే ఊరోళ్ళు నవ్వుతారు" అని వరన్నం కూడా వండింది. రెండూ తిన్నాను. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క హోటలు బోర్డు మీద "రాగి సంగటి - నాటుకోడి" అని పెద్ద అక్షరాలు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, ఇప్పుడు కొర్రలు బియ్యం కన్నా ఖరీదు. నా హాస్టల్ పక్క మంచం వాడు షుగరొచ్చి సజ్జరొట్టెలు తింటున్నాడని విన్నాను. సంతోషించానని అబద్ధం చెప్పను, సంతోషించలేదని కూడా చెప్పను!

ఆ ప్రయాణంలో మార్కాపురంలో ఒక పలక కొన్నాను. నాయన దగ్గరుండి ఏరాడు, ఆరు తట్టి ఏడోది తీసుకున్నాడు. చెక్క మీద మేకుతో "మార్కాపురం" అని తెలుగులో చెక్కమన్నాను. "ఎందుకురా, ఆమెకు తెలుగొస్తాదా?" అన్నాడు. రాకపోయినా చెక్కమన్నాను. ఆయన సంతకం పెట్టినంత నిదానంగా చెక్కాడు, "ర్కా" దగ్గర కొంచెం తప్పు పోయింది. అట్లాగే ఉంచేశాం.

ఆ పలక ఇప్పుడు మోజెల్ ఒడ్డున ఆ ఇంట్లో కిటికీ పక్కన వేలాడుతోంది. సీజన్లో వాళ్ళు దాని మీద సుద్దముక్కతో ఆ రోజు వంటలు రాస్తారు. ఉల్లిపాయ రొట్టె ఇంత, సూపు ఇంత అని.

మా పెద్దాయన రిటైరై చాలా ఏళ్ళయింది. పోయినేడు ఇంటికి భోజనానికి పిలిచాను. జొన్న సంగటి, చుక్కకూర పప్పు, చెనిక్కాయల పచ్చడి, నాటుకోడి కాకపోయినా ఇక్కడ దొరికే కోడి. "ఇది ఎక్కడి వంట?" అన్నాడు. "మార్కాపురం" అన్నాను. "హైదరాబాద్ ఎంత దూరం?" అన్నాడు, ఇంకా మర్చిపోలేదు మహానుభావుడు.

మూడొందల కిలోమీటర్లు, అక్కడి వంట వేరు అని చెప్పాను.